చంక దిగని పసిపాపకు తక్కువ ఖర్చులో ఎలాంటి స్లింగ్ తీసుకోవాలి?

ప్రశ్న: నెలపాప తల్లి

నమస్కారం. మా పాపకు ఇప్పుడు నాలుగు వారాలు. పుట్టినప్పుడు 3.1 కిలోలు ఉంది. కిందటి వారం తూచినప్పుడు 3.7 కిలోలకు వచ్చింది. పాలు బాగా తాగుతోంది, ఆరోగ్యం విషయంలో బెంగ అక్కరలేదని వైద్యురాలు చెప్పారు. ఇబ్బందల్లా పాప చంక దిగకపోవడమే. భుజాన వేసుకుని తిరుగుతున్నంతసేపూ కళ్ళు మూసుకుని హాయిగా నిద్రపోతుంది. పక్కమీద వీపు ఆనిందో లేదో ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంటుంది. సాయంత్రం మొదలైతే రాత్రి బాగా పొద్దుపోయేదాకా ఇదే వరుస. ఒకరు పాపను మోస్తే ఇంకొకరు తినడం, వాళ్ళు తిన్నాక మళ్ళీ చేతులు మారడం తప్ప ఇంట్లో మరో పని సాగడం లేదు.

అందుకని బిడ్డను ఒంటికి కట్టుకునే స్లింగ్ కొందామనుకున్నాము. తీరా వెతకడం మొదలుపెట్టాక అయోమయం పెరిగింది. పొడవాటి సాగే గుడ్డ ఒకటి, సాగని నేతగుడ్డ ఒకటి, రెండు రింగులు కుట్టినది ఒకటి, నడుముకు పట్టీ, భుజాలకు బకిల్స్ ఉన్నవి కొన్ని, బిడ్డ కూర్చోవడానికి పీటలాంటిది అమర్చినవి కొన్ని. ధరలకైతే ఒకదానికీ మరొకదానికీ పొంతన లేదు. అన్నింటికంటే ఖరీదైనదాని డబ్బుతో చవకవి నాలుగైదు కొనవచ్చు. ఆ ఎక్కువ డబ్బులో బిడ్డకు అక్కరకు వచ్చేది ఎంత, పేరుకు పోయేది ఎంత అన్నది నాకు తేలడం లేదు.

మా పరిస్థితి కూడా చెబుతాను. నాకు ఆపరేషన్ చేసి పాపను తీశారు కాబట్టి కడుపు మీద ఒత్తిడి పడేది వద్దు. మావారు నాకంటే బాగా ఎత్తు, భుజాలు వెడల్పు. వీలైతే ఇద్దరం ఒకటే వాడుకోవాలి. వాడకం ఎక్కువగా ఇంట్లోనే. మాకు కేటాయించగలిగిన డబ్బు తక్కువ, ఇతరులు వాడి తీసేసినది కొనడానికి అభ్యంతరం లేదు. అయితే చవకకు పోయి పాప ఊపిరికి గాని, నడుముకు గాని ముప్పు తెచ్చుకోకూడదు. అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వండి.

జవాబు: ఇద్దరు పిల్లల అమ్మ

నాలుగు వారాల బిడ్డకు స్లింగులో ముఖ్యంగా చూడవలసిన గుణం ఒకటుంది. గుడ్డ బిడ్డ కొలతకు తగ్గట్టుగా, ఏ మూలా వదులు లేకుండా బిగుసుకోవాలి. ఈ వయసులో మెడ నిలవదు, వీపు గుండ్రంగా ఉంటుంది, కాళ్ళు కప్ప కాళ్ళలా పైకి ముడుచుకుని ఉంటాయి. ఆ ఆకారాన్ని ఉన్నది ఉన్నట్టుగా పట్టి నిలపగలిగినది ఎంత చవకదైనా మంచిదే. పట్టి నిలపలేనిది ఎంత ఖరీదైనా ఈ నెలలో మీకు పనికిరాదు. ఖరీదైన బకిల్ క్యారియర్లలో మీరు డబ్బు పెట్టేది ఎక్కువగా భుజాల మెత్తకు, నడుము పట్టీకి, రెండు మూడేళ్ళ బిడ్డను మోసేటప్పుడు బరువును పంచే అమరికకు. నాలుగు కిలోలైనా లేని పాపకు వాటి అవసరం ఏముంది?

నేను మీకు సూచించేది సాగే ర్యాప్. అది దాదాపు 5 మీటర్ల పొడవున్న అల్లిక గుడ్డ, టీషర్టు గుడ్డ వంటిది. దానిలో బకిల్స్ గాని, రింగులు గాని ఉండవు, కాబట్టి విరగడానికి ఏమీ లేదు. కొత్తవాటిలో చవకైన రకాలలో ఇదొకటి. ముందుగా మీ ఒంటికి కట్టుకుని, ముడి వేసుకుని, ఆ తర్వాత పాపను లోపల కూర్చోబెడతారు. ఒకసారి కట్టుకుంటే పాలు పట్టడానికి తీసి, మళ్ళీ పెట్టుకోవచ్చు, ముడి విప్పనక్కరలేదు. పగలంతా ఎత్తుకోమని అడిగే బిడ్డ ఉన్న ఇంట్లో ఈ సౌకర్యం చిన్నది కాదు. పొడవు ఎక్కువ కాబట్టి మీ వారికీ సరిపోతుంది. కాకపోతే ఆయన తన ఒంటికి మళ్ళీ కట్టుకోవాలి.

కట్టేటప్పుడు బిగుతు ఎంత ఉండాలన్నదే కొత్తవారికి అర్థం కాదు. బిగువైన బనియను ఒంటికి అంటుకున్నట్టు గుడ్డ మీ ఛాతీకి అంటుకుని ఉండాలి. బిడ్డ పట్టడానికి చోటు కావాలి కదా అని ముందే వదులు చేస్తే, పాపను పెట్టిన కాసేపటికి గుడ్డ సాగి, పాప కిందికి జారి, గడ్డం ఛాతీలోకి ముడుచుకుపోతుంది. పాప వీపు మీదుగా మూడు పొరలు రావాలి: ఒకదానిమీద ఒకటి అడ్డంగా దాటే రెండు, వాటిని కప్పుతూ అడ్డంగా పరిచే ఒకటి. ఆ మూడో పొరను బద్ధకించి మానేయకూడదు, ఎందుకంటే సాగే గుడ్డలో భద్రత మూడు పొరలదీ కలిపి. అదే కారణంగా సాగే ర్యాపుతో బిడ్డను వీపున కట్టుకోకూడదు.

దీని లోపం కూడా చెప్పాలి. పాప బరువు పెరిగే కొద్దీ గుడ్డ సాగిపోతుంది. ఏడెనిమిది కిలోలు వచ్చేసరికి చాలామంది మానేస్తారు. కొద్ది నెలల వస్తువే అయినా, ఆ కొద్ది నెలలే కదా మీకు అన్నింటికంటే కష్టమైనవి. తర్వాత మీరూ ఇంకొకరికి ఇచ్చేయవచ్చు.

జవాబు: కుట్టుపని వచ్చినావిడ

పై జవాబులో చెప్పిన బిగుతు సంగతి అక్షరాలా నిజం. వస్తువు విషయంలో మాత్రం నా ఓటు రింగ్ స్లింగుకు. అయిదు మీటర్ల గుడ్డను, నిద్రలేని కళ్ళతో, ఆపరేషన్ కుట్లు మానీ మానకుండా ఉన్న ఒంటికి చుట్టుకోవడం అందరికీ కుదిరే పని కాదు. రింగ్ స్లింగు రెండు మీటర్ల గుడ్డ, ఒక అంచున రెండు రింగులు, అంతే. ఒక భుజం మీదుగా వేసుకుని, గుడ్డ కొసను రింగుల గుండా లాగి బిగిస్తారు. కడుపు మీద ఏ పట్టీ ఉండదు, ముడి ఉండదు. మీ వారు వేసుకున్నప్పుడు కొస కొంచెం తక్కువ వేలాడుతుంది, మీరు వేసుకున్నప్పుడు ఎక్కువ వేలాడుతుంది. మీ ఇద్దరి భుజాల కొలతల మధ్య తేడా దానికి లెక్కలోది కాదు. పాప పెరిగాక పక్కన నడుము మీద కూర్చోబెట్టుకోవడానికి కూడా ఇదే పనికొస్తుంది కాబట్టి, నెలల లెక్కన చూస్తే సాగే ర్యాపుకంటే ఇదే చవక.

లోపం ఏమిటంటే బరువంతా ఒకే భుజాన పడుతుంది. గంటల తరబడి వేసుకునేవారికి భుజం, మెడ నొప్పి పుడతాయి. పూట పూటకీ భుజం మార్చుకోవాలి.

కొనేటప్పుడు చూడవలసింది మొదట రింగులు, తర్వాతే గుడ్డ. స్లింగుల కోసమే తయారుచేసిన అల్యూమినియం లేదా నైలాన్ రింగులలో ఎక్కడా అతుకు ఉండదు. చేతిపనుల సామాన్లలో, సంచుల తయారీలో వాడే రింగులకు ఒకచోట కలిపిన గీత కనిపిస్తుంది. బరువు పడినప్పుడు ఆ గీత దగ్గరే విడిపోతుంది, లేదా గరుకుగా ఉండి గుడ్డను చీరుతుంది. అందుకే వేలితో చుట్టూ తడిమి చూడండి. రెండు రింగులూ ఒకే కొలతలో ఉండాలి, గుండ్రతనం చెడకూడదు. రింగులను పట్టి ఉంచే మడత దగ్గర కనీసం రెండు మూడు వరుసల కుట్టు దిట్టంగా కనిపించాలి. గుడ్డ సాగనిది కావాలి, నూలు లేదా నార అయితే మేలు. జారుడుగా ఉండే పట్టులాంటి గుడ్డ రింగుల్లో నిలవదు, మరీ మందంగా ఉండేది రింగుల్లోంచి కదలదు.

వాడినది కొనడం నాకు ఇష్టమైన సలహా, ఎందుకంటే చాలాసార్లు ఉతికిన నూలు మెత్తబడి, కొత్తదానికంటే బాగా మాట వింటుంది. గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని అంగుళం అంగుళం చూడండి. పలుచబడిన చోట్లు, సన్నటి రంధ్రాలు, తెగిన పోగులు అప్పుడు బయటపడతాయి. బకిల్స్ ఉన్నదైతే వాటిలో పగుళ్ళు, పట్టీలు కుట్టిన చోట దారం వదులు, బకిల్ నొక్కినప్పుడు శబ్దం వచ్చి గట్టిగా పట్టుకుంటున్నదా అన్నది చూడాలి. సాగే ర్యాప్ వాడినదైతే ఒక మూల లాగి వదలండి; తిరిగి మునుపటి ఆకారానికి రాకుండా వేలాడితే దాని ఆయుష్షు అయిపోయినట్టే. తయారీదారు పేరు, బరువు పరిమితి, హెచ్చరికలు రాసిన చీటీ లేనిది, పేరున్న కంపెనీ వస్తువని చెబుతూ మరీ తక్కువకు ఇస్తున్నది తీసుకోకండి, అవి నకళ్ళు అయ్యే అవకాశం ఎక్కువ. తయారీదారు ఆ రకాన్ని ఎప్పుడైనా వెనక్కి పిలిపించాడా అన్నది కూడా కొనే ముందు చూసుకోవాలి.

ఇంకా తక్కువలో కావాలంటే గుడ్డ కొనుక్కుని మీరే ర్యాప్ చేసుకోవచ్చు. సాగని నూలు నేత అయితే 4.6 మీటర్ల పొడవు, 65 నుంచి 70 సెంటీమీటర్ల వెడల్పు చాలామంది పెద్దలకు సరిపోతుంది. అంచులు మడిచి కుట్టాలి. అల్లిక గుడ్డ అయితే అయిదు మీటర్లు, అంచు పోగులు ఊడవు కాబట్టి మడత కూడా అక్కరలేదు. రింగ్ స్లింగును మాత్రం కుట్టు మీద మంచి పట్టు ఉంటే తప్ప ఇంట్లో కుట్టవద్దు, ఎందుకంటే అందులో బిడ్డ బరువంతా ఆ నాలుగు అంగుళాల కుట్టు మీదే ఆధారపడుతుంది.

జవాబు: పిల్లల వార్డు నర్సు

రకం ఏదైనా ఎంచుకోండి, కానీ కొన్ని సంగతులు తెలుసుకుని కట్టుకోవాలి. 2010 మార్చిలో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ స్లింగుల గురించి ఒక హెచ్చరిక ఇచ్చింది. అంతకుముందు ఇరవై ఏళ్ళలో స్లింగులతో ముడిపడిన శిశు మరణాలు కనీసం 14 తమ దృష్టికి వచ్చాయని, వాటిలో 12 మంది నాలుగు నెలల లోపు వారని అందులో చెప్పింది. కారణాలు రెండు. బిడ్డ ముఖం గుడ్డకో, తల్లి ఒంటికో అదుముకుపోతే ముక్కు, నోరు మూసుకుపోయి ఒకటి రెండు నిమిషాల్లోనే ఊపిరి ఆగిపోవచ్చు. రెండోది అంత త్వరగా కనిపించదు: బిడ్డ సంచిలో పడుకున్నట్టు వంపు తిరిగి, గడ్డం ఛాతీకి ఆనుకుంటే గాలి వెళ్ళే దారి ఇరుకవుతుంది, తల ఎత్తలేని పసికందు ఏడవలేదు కూడా, మెల్లగా ప్రాణవాయువు తగ్గిపోతుంది. తల్లికి మాత్రం బిడ్డ నిశ్శబ్దంగా నిద్రపోతున్నట్టే ఉంటుంది.

అందుకే బిడ్డను అడ్డంగా పడుకోబెట్టే సంచి ఆకారపు స్లింగులు, అంచులకు ఎలాస్టిక్ ఉన్నవి, ఎంత తక్కువకు వచ్చినా, ఎవరైనా ఊరికే ఇచ్చినా సరే, తీసుకోవద్దు. అమెరికాలో 2018 జనవరి నుంచి స్లింగులకు తప్పనిసరి భద్రతా ప్రమాణం అమలులో ఉంది, యూరప్‌లో వేరే ప్రమాణాలున్నాయి. చీటీ మీద ఏదో ఒక గుర్తింపు పొందిన ప్రమాణం పేరుంటే అది మంచి సూచన. అయితే ప్రమాణం ఉన్న వస్తువును కూడా వదులుగా కడితే ఫలితం అదే.

బ్రిటన్‌లోని స్లింగుల తయారీదారులు, అమ్మకందారులు కలిసి ‘టిక్స్’ పేరుతో అయిదు నియమాలు తయారుచేశారు. ఇప్పుడు చాలా దేశాల్లో అవే నేర్పుతారు. మొదటిది బిగుతు. రెండోది, మీరు తల కొంచెం వంచితే పాప ముఖం ఎప్పుడూ కనబడాలి. గుడ్డ ముఖాన్ని కప్పకూడదు. మూడోది ఎత్తు: మీరు తల వంచి ముద్దు పెట్టుకోగలిగినంత పైన పాప నడినెత్తి ఉండాలి. చాలామంది మరీ కిందికి, కడుపు మీదికి కడతారు; ఆపరేషన్ అయిన మీకు ఎత్తుగా కట్టడం కుట్లకు కూడా మేలు. నాలుగోది గడ్డం: పాప గడ్డానికీ ఛాతీకీ మధ్య ఒక వేలైనా పట్టే సందు ఉండాలి. చివరిది వీపు: పాప పొట్ట మీ ఛాతీకి ఆని, వీపు దాని సహజమైన వంపులో నిలబడాలి. బిగుతు సరిపోయిందా లేదా తెలుసుకోవడానికి పాప వీపు మీద అరచేయి పెట్టి నెమ్మదిగా మీ వైపు నొక్కండి. పాప ఇంకా దగ్గరికి జరిగినా, ముడుచుకున్న ఒళ్ళు విచ్చుకున్నా, గుడ్డ వదులుగా ఉన్నట్టే. తీసి మళ్ళీ కట్టాలి.

కాళ్ళ విషయంలో అంతర్జాతీయ హిప్ డిస్‌ప్లేసియా (తుంటి కీలు సరిగ్గా అమరకపోవడం) సంస్థ చెప్పేది గుర్తుపెట్టుకోండి. తొడలు రెండు పక్కలా విచ్చుకుని, గుడ్డ ఒక మోకాలి వెనక నుంచి రెండో మోకాలి వెనకదాకా పరుచుకుని, మోకాళ్ళు పిరుదులకంటే కొద్దిగా పైన ఉండాలి. కాళ్ళు నిటారుగా కిందికి వేలాడుతూ, మధ్యలో ఇరుకైన గుడ్డ మీద బరువంతా పడే తరహా క్యారియర్‌లో తుంటి కీలుకు ఆ ఆసరా దొరకదు. పుట్టుకలో ఎదురుకాళ్ళతో వచ్చిన బిడ్డలకు, కుటుంబంలో తుంటి సమస్య ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. అలాగని నెల బిడ్డ కాళ్ళను బలవంతంగా వెడల్పు చేయకండి. పాపను ఎత్తుకున్నప్పుడు అవి ఎంతవరకు తెరుచుకుంటాయో అంతే చాలు.

నెలలు నిండకముందే పుట్టిన బిడ్డలు, బరువు తక్కువ బిడ్డలు, జలుబుతో గాని మరే కారణంతో గాని ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉన్న బిడ్డల విషయంలో వైద్యుల అనుమతి లేకుండా స్లింగు వాడకూడదు. మీ పాప ఆ లెక్కలోకి రాదు కాబట్టి భయం అక్కరలేదు. స్లింగులో పాలు పట్టవలసివస్తే, తాగడం అయిన వెంటనే పాపను మళ్ళీ నిటారుగా, ఎత్తుకు తెచ్చి బిగించాలి. తాగుతూ నిద్రపోయిందని ఆ వంపులోనే వదిలేయకూడదు. పాపను కట్టుకుని పొయ్యి దగ్గర నిలబడవద్దు, వేడి పానీయం తాగవద్దు, వాహనం ఎక్కవద్దు. కిందినుంచి ఏదైనా తీయవలసివస్తే నడుము వంచకుండా మోకాళ్ళు వంచి, ఒక చేయి పాప వీపు మీద వేయండి. మీకే కునుకు వస్తున్నట్టయితే పాపను దించి, గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టండి, ఏడ్చినా సరే.

నెలపాప తల్లి

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. సంచి ఆకారపు స్లింగొకటి నిన్ననే చూసి బాగుందనుకున్నాను. దాన్ని జాబితాలోంచి కొట్టేశాను. మరికొన్ని సందేహాలు మిగిలాయి. బంధువులొకరు తమ దగ్గరున్న హిప్ సీట్ క్యారియర్ (పీట అమర్చినది) ఊరికే ఇస్తామంటున్నారు, దాని మీద కనీస బరువు 3.6 కిలోలని రాసి ఉంది, మా పాప 3.7 కాబట్టి వాడవచ్చునా? మావారిది ఎడమచేతివాటం, రింగులు ఆయనకు ఏ భుజాన రావాలి? ఇక పెద్దవాళ్ళందరూ అంటున్న మాట: ఇలా ఒంటికి కట్టుకుంటే పాపకు చంక అలవాటై ఇక జన్మలో దిగదని. దీనికి ఏం సమాధానం చెప్పాలో తెలియడం లేదు.

జవాబు: రాత్రి కాపలా నాన్న

చంక అలవాటు గురించి మా ఇంట్లోనూ పెద్ద చర్చే నడిచింది కాబట్టి, దాని మీద జరిగిన పరిశోధన ఏం చెబుతోందో వెతికి చదివాను. 1986లో హంజికర్, బార్ అనే ఇద్దరు పరిశోధకులు 99 మంది తల్లీబిడ్డలను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపు తల్లులను మూడో వారం నుంచి బిడ్డను రోజూ అదనంగా మూడు గంటలు, ఏడుపుతో సంబంధం లేకుండా, ఎత్తుకోమన్నారు. ఏడుపు పతాకస్థాయికి చేరే ఆరో వారంలో చూస్తే, ఎక్కువగా ఎత్తుకున్న బిడ్డలు మిగతావారికంటే 43 శాతం తక్కువసేపు ఏడ్చారు, సాయంత్రపు గంటల్లో 51 శాతం తక్కువ. ఎత్తుకున్నందువల్ల ఏడుపు పెరగలేదు, తగ్గింది. మీ పాపకు ఇప్పుడు నాలుగో వారం. ఏడుపు ఇంకో రెండు వారాలు పెరిగేదే తప్ప తగ్గేది కాదు. అది పెరిగినప్పుడు స్లింగు వల్లే పెరిగిందని ఇంట్లో ఎవరైనా అంటే నమ్మకండి.

దాన్నే పట్టుకుని స్లింగు సర్వరోగనివారిణి అన్నా తప్పే. అదే బార్ 1991లో, అప్పటికే కారణం తెలియకుండా గంటల తరబడి విపరీతంగా ఏడుస్తున్న (దీన్నే కోలిక్ అంటారు) బిడ్డల మీద ఇదే పద్ధతి పరీక్షించినప్పుడు చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ముందునుంచీ ఎత్తుకోవడం ఒకటి, ముదిరాక మందులా వాడడం ఇంకొకటి అన్నమాట. అమ్మకందారులు మొదటి అధ్యయనాన్ని మాత్రమే చెబుతారు, రెండోదాని ఊసెత్తరు.

ఎత్తుకున్నప్పుడు నిద్రపోయి పడుకోబెట్టగానే లేచే బిడ్డల గురించి జపాన్‌లోని రికెన్ సంస్థ పరిశోధకులు 2022లో ప్రచురించినది మీకు పనికొస్తుంది. బిడ్డను ఎత్తుకుని ఆగకుండా, ఒకే వేగంతో అయిదు నిమిషాలు నడవాలి. నిద్రపోయాక వెంటనే దించకుండా అయిదు నుంచి ఎనిమిది నిమిషాలు ఎత్తుకునే కూర్చోవాలి. ఆ తర్వాత పడుకోబెట్టాలి. వాళ్ళు చూసింది 21 మంది పిల్లలనే కాబట్టి ఇది అందరికీ పనిచేస్తుందని హామీ ఏమీ లేదు, కానీ ఖర్చులేని ఉపాయం. వాళ్ళు గమనించిన ఒక సంగతి నాకు ఆసక్తిగా అనిపించింది: బిడ్డ మేల్కొనేది వీపు పరుపుకు ఆనినప్పుడు కాదట, తల్లి ఒంటి నుంచి విడివడడం మొదలైనప్పుడేనట. స్లింగులోంచి దించేటప్పుడు కూడా పాపను మీ ఛాతీకి ఆనించే ఉంచి, మీరే పక్క మీదికి వంగి, చివరిదాకా అంటిపెట్టుకుని వదలండి.

హిప్ సీట్ విషయంలో నా మాట సూటిగా చెబుతాను: ఇప్పుడు వద్దు. దానిలో పీట భాగం మెడ నిలిచి, వీపులో బలం వచ్చిన బిడ్డల కోసం. కొన్నింటిలో పీట తీసేసి పసిబిడ్డకు వాడే అమరిక ఉంటుంది, బహుశా ఆ 3.6 కిలోలు దానికి సంబంధించిన అంకె. దానితో వచ్చిన సూచనల పుస్తకం తెప్పించి చదవండి. అంకె సరిపోయినంత మాత్రాన అమరిక సరిపోయినట్టు కాదు. పైగా దాని నడుము పట్టీ సరిగ్గా మీ కుట్ల మీదికి వస్తుంది. ఊరికే వస్తున్నది కాబట్టి తీసుకుని అటకమీద పెట్టండి, ఆరు నెలల తర్వాత పనికొస్తుంది.

ఇక మీరు అడగని సంగతి ఒకటి, చెమట. స్లింగు కూడా పాపకు ఒక పొర బట్టతో సమానం, సాగే ర్యాప్ అయితే మూడు పొరలు, దానికి తోడు మీ ఒంటి వేడి. అందుకని లోపల పాపకు ఒక్క పలుచని చొక్కా చాలు, మేజోళ్ళు, దుప్పటి, టోపీ అక్కరలేదు. మెడ వెనక తాకి చూస్తే వేడి తెలుస్తుంది; తడిగా, వేడిగా ఉంటే దించి గాలి తగలనివ్వాలి. ఇల్లు వెచ్చగా ఉండేదైతే నేను కూడా రింగ్ స్లింగు పక్షమే, పాప మీద గుడ్డ ఒక్క పొర కాబట్టి. మందపు మెత్తలున్న బకిల్ క్యారియర్ అయితే మగవాళ్ళ ఛాతీ మీద అదొక కంబళి.

జవాబు: ఇద్దరు పిల్లల అమ్మ

వేడి మాట నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. సాగే ర్యాప్ చల్లని గదికి, సాయంత్రపు దీర్ఘ నిద్రలకు. రింగ్ స్లింగు తరచుగా ఎక్కే దిగే పగటి వేళలకు. ఒకటే కొనగలిగితే, ఆపరేషన్ సంగతి, మీ వారి కొలత సంగతి, పాప ముందుముందు పెరిగే సంగతి కలిపి చూసి, నేను కూడా మీకు రింగ్ స్లింగే అంటాను. తర్వాత డబ్బు వీలుచూసుకుని అల్లిక గుడ్డ అయిదు మీటర్లు కోయించుకుంటే, ఒకటి ఉతికి ఆరేసినప్పుడు రెండోది చేతిలో ఉంటుంది. పాలు కక్కే వయసులో ఒక్క స్లింగుతో నెట్టుకురావడం అంత తేలిక కాదు.

మొదటిసారి కట్టేటప్పుడు పాప కడుపు నిండి, మెలకువగా, శాంతంగా ఉన్న వేళ చూడండి. ఏడుస్తున్న బిడ్డతో కొత్త విద్య నేర్చుకోవడం ఇద్దరికీ శిక్ష. అంతకుముందే నాలుగు కిలోల బరువున్న మూటతోనో, బొమ్మతోనో చేయి తిరిగేదాకా కట్టి విప్పి చూడండి. అద్దం ముందు అయితే తప్పు వెంటనే కనిపిస్తుంది. మొదట్లో మంచం పక్కనే నిలబడి కట్టండి. పాపను పెట్టాక ఆగకుండా నడవండి. కట్టినందుకు పాప ఒక నిమిషం గునిసినంత మాత్రాన ఇష్టం లేదనుకుని విప్పేయకండి, సాధారణంగా నడక మొదలవగానే సర్దుకుంటుంది.

జవాబు: కుట్టుపని వచ్చినావిడ

ఎడమచేతివాటం గురించి అడిగారు. కొసను లాగి బిగించే చేయి బలమైనదై ఉండాలి, ఆ సమయంలో రెండో చేయి పాపను పట్టుకుని ఉంటుంది. కాబట్టి మీ వారికి రింగులు ఎడమ భుజాన, కుడిచేతివాటమైతే మీకు కుడి భుజాన వస్తే మొదట్లో సులువు. చేయి తిరిగాక ఇద్దరూ భుజాలు మార్చుకోవడం నేర్చుకోవాలి, లేకపోతే ఎప్పుడూ ఒకే భుజం అరుగుతుంది.

ఇంకొక్క మాట. కట్టక ముందు రింగులను మీ భుజం అంచుకంటే పైన పెట్టుకోండి, బిగించేటప్పుడు అవి కిందికి జారి కాలర్ ఎముక దగ్గర ఆగుతాయి. మొదటే అక్కడ పెడితే బిగించాక ఛాతీ మధ్యకు దిగి, పాప ముఖానికి తగులుతాయి. కొసను ఒక్కసారిగా గుప్పిట పట్టి కిందికి గుంజితే గుడ్డ మధ్యభాగం బిగిసి అంచులు వదులుగా మిగులుతాయి. పై అంచును పాప మెడ వెనక వదులు పోయేదాకా, కింది అంచును మోకాళ్ళ కింద వదులు పోయేదాకా, మధ్యలోని మడతలను ఒక్కొక్కటిగా, కిందికి కాకుండా మీ ఛాతీకి అడ్డంగా లాగండి. లాగే ముందు రెండో చేత్తో పాప పిరుదులను కొంచెం పైకి ఎత్తితే బరువు తగ్గి గుడ్డ సులువుగా కదులుతుంది. రింగుల్లో గుడ్డ మెలిక పడితే ఎంత లాగినా బిగియదు. అప్పుడు పాపను దించి, మొత్తం గుడ్డను బయటికి తీసి, విసనకర్ర మడతలు పెట్టి మళ్ళీ ఎక్కించడమే మార్గం.